మొత్తం వేయీ మిగిలాయండీ

మీకు బాగా ఇష్టమైన నవల ఏదండీ అని అడిగితే నా దగ్గర ఒకప్పుడు నాలుగైదు జవాబులు తయారుగా ఉండేవి. అడిగినవాడి మొహం చూసి అందులోంచి ఒకటి తీసేవాణ్ణి. యూనియన్ ఆఫీసులో అడిగితే గోర్కీ ‘అమ్మ’. ఇంగ్లిషు పేపరు చంకలో పెట్టుకొచ్చే పై అధికారి అడిగితే కాఫ్కా ‘ట్రయల్’. కవిత్వం రాసే కుర్రాళ్లు అడిగితే బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’, అదీ కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పేవాణ్ణి. పెద్దవాళ్లు, ముఖ్యంగా పంచెకట్టు పెద్దవాళ్లు అడిగితే విశ్వనాథ ‘వేయిపడగలు’.

వీటిలో ‘అమ్మ’ సగం చదివాను. ‘ట్రయల్’ వెనక అట్ట చదివాను. ‘చివరకు మిగిలేది’ నిజంగానే మొత్తం చదివాను గానీ దయానిధి గొడవేమిటో ఆ వయసులో తలకెక్కలేదు. ఎక్కినట్టు మొహం పెట్టడం మాత్రం బాగా అలవడింది. ‘వేయిపడగలు’ సంగతి చెప్పాలంటే మా పెళ్లిచూపుల సంగతి చెప్పాలి.

మాది బోయిగూడ. సికింద్రాబాద్ స్టేషన్‌లో పదో నంబరు ప్లాట్‌ఫాం వైపు దిగి బయటికొస్తే మా పేట. టింబర్ డిపోలు, రంపాల మోత, తుక్కు గోదాములు, వాటి సందుల్లో ఇళ్లు, ఆ ఇళ్లలో ఒకటి మాది. ఆ రోజుల్లో నేనొక ప్రభుత్వ కార్యాలయంలో లెక్కల సెక్షన్ గుమాస్తాని. పక్కనే ఉన్న పద్మారావ్ నగర్‌లో ఒక తెలుగు పండితుడి కూతురిని చూడటానికి వెళ్లాం. ఆయనది కృష్ణా జిల్లా. ఉద్యోగం పేరున ఇక్కడికొచ్చి ఇక్కడే నిలిచిపోయిన మనిషి. గోడ నిండా పుస్తకాలు. ఆ గోడ చూడగానే నాకు చెమట పట్టాల్సింది. ఉత్సాహం పుట్టింది. మూర్ఖత్వానికి గుర్తులంటూ ఉంటే అదొకటి.

“నవలలు చదువుతారా బాబూ?” అన్నారాయన.

“చదువుతానండీ. నాకు ప్రాణం ‘వేయిపడగలు’.”

ఆయన మొహం విప్పారింది. 1934లో విశ్వనాథ ఆ నవలని 29 రోజుల్లో ఎలా చెప్పి రాయించారో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో బాపిరాజు ‘నారాయణరావు’తో కలిపి బహుమతి ఎలా పంచారో, తర్వాత పి.వి. నరసింహారావు దాన్ని ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి ఎలా తెచ్చారో చెప్పుకొచ్చారు. నేను ప్రతిదానికీ తలాడించాను. చివర్లో ఆయన కాఫీ గ్లాసు అందుకుంటూ, చాలా మామూలుగా, “ఇంతకీ ఆఖరికి ఎన్ని పడగలు మిగిలాయి బాబూ?” అన్నారు.

నేను ఏమీ ఆలోచించలేదు. పుస్తకం పేరే చెబుతోంది కదా అనుకున్నాను.

“మొత్తం వేయీ మిగిలాయండీ” అన్నాను.

ఆయన “ఓహో” అన్నారు. కాఫీ తాగారు. పెళ్లి జరిగింది. ఆ నవల చదివినవాళ్లకి నేనేం అన్నానో ఈపాటికి తెలిసే ఉంటుంది. తతిమ్మావాళ్ల కోసం చెబుతాను. చివరికి మిగిలేవి రెండే పడగలు. ఆలూమగల బంధమన్నమాట. పిల్లని చూడటానికి వచ్చినవాణ్ణి ఇంతకన్నా తేలికైన ప్రశ్న ఎవరడుగుతారు? చాలా ఏళ్లకి, మనవరాలు పుట్టాక, ఒక ఆదివారం మధ్యాహ్నం మామయ్యగారే ఈ సంగతి ఎత్తారు. నేను చదవలేదని అప్పుడే తెలిసిందన్నారు. మరి పిల్లనెందుకిచ్చారంటే, “అబద్ధమాడటం కూడా సరిగ్గా చేతకానివాడు, మా అమ్మాయి దగ్గర ఏం దాస్తాడులే అనుకున్నాను” అన్నారు.

ఇంతవరకూ అయితే ఇది నలుగురిలో చెప్పుకుని నవ్వుకునే కథే. చెప్పుకున్నాను కూడా. ఎక్కడా చెప్పనిది ఒకటుంది. ఆ పెళ్లిచూపులకి వెళ్లే ముందు మా అమ్మకి నేనొక మాట చెప్పాను. అక్కడ ఎక్కువ మాట్లాడకు, వాళ్లు పండితులు, మన భాష వాళ్లకి మోటుగా ఉంటుంది అన్నాను. అమ్మ సరే అంది. ఆ ఇంట్లో కూర్చున్నంతసేపూ నోరు విప్పలేదు. ఇంటికొచ్చేప్పుడు మామయ్యగారు నన్ను పక్కకి పిలిచి, “మీ అమ్మగారికి ఒంట్లో నలతగా ఉందా బాబూ?” అని అడిగారు. అవునన్నాను.

నాకు రెండు తెలుగులుండేవి. గుమ్మం లోపల ఒకటి, బయట ఇంకొకటి. లోపల ‘వస్తున్న’, బయట ‘వస్తున్నానండీ’. బడిలో వాచకాలు ఒక తెలుగు నేర్పాయి, సినిమాలు అదే తెలుగుని హీరోకిచ్చి, మా తెలుగుని నవ్వించేవాడికిచ్చాయి. ఇది చెప్పి నా తప్పుని ఎవరి మీదికో నెట్టబోవడం లేదు. నాతోపాటు చదివినవాళ్లలో ఈ రోగం అంటనివాళ్లు చాలామందే ఉన్నారు. నాకు అంటింది, నేను మందు వేసుకోలేదు, పైగా దాన్ని చదువు అనుకున్నాను.

ఇదేమీ కొత్త జబ్బు కాదు. నైజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఎవరో అన్నందుకు సురవరం ప్రతాపరెడ్డి ఊరూరికీ ఉత్తరాలు రాసి 354 మంది కవుల పద్యాలు సేకరించి ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చేశారు. ఏ సంవత్సరంలో? 1934లోనే. అంటే బెజవాడ వైపు ‘వేయిపడగలు’ పుట్టిన ఏడే ఇక్కడ ఒక పెద్దమనిషి ‘మేమూ ఉన్నామయ్యా’ అని లెక్కతో సహా రుజువు చూపించాడు. అది జరిగిన యాభై ఏళ్లకి కూడా నేను నా తల్లిని నోరుమూసుకు కూర్చోబెట్టాను. అందులోనూ లెక్కల సెక్షన్‌లో పనిచేసేవాణ్ణి.

ఇప్పుడు అసలు నవలకి వస్తాను.

ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనడం నాకు అలవాటు. చదవడానికి కాదు, పద్మారావ్ నగర్ గోడలాంటిది మా ఇంట్లోనూ లేపడానికి. అట్లా తెచ్చిన ఒక కట్టలో, అట్ట సగం చినిగిన ‘చిల్లర దేవుళ్లు’ ఉంది. దాశరథి రంగాచార్య నవల, 1969లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి పొందింది, సినిమాగా కూడా తీశారు. నేను దాని పేరు చూసి ఏదో హాస్య నవల అనుకుని కింది అరలో పడేశాను. అమ్మ తీసింది.

మా అమ్మ పెద్దగా చదువుకోలేదు. అక్షరం కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదువుతుంది. అప్పటిదాకా ఆమె చదివినవి వ్రతకథలు, పంచాంగం, పేపర్లో చావు కబుర్లు. ఆ పుస్తకం పట్టుకుని వంటింటి గడప మీద కూర్చుంది. కాసేపటికి నవ్వు వినిపించింది.

“ఇగో, ఇట్ల రారా. ఈ పుస్తకంల మన ఊరోళ్లు మాట్లాడుతున్నరు.”

“అది మాండలికం అమ్మా. పెద్ద నవలలు అట్లా ఉండవు.”

“మరి పెద్ద నవలల మనుషులు ఏం మాట్లాడుతరు?”

ఏం మాట్లాడతారో నాకు తెలిస్తే గదా. నాకు ఆఫీసుకి వేళైందని చెప్పి వెళ్లిపోయాను. అమ్మ ఆ పుస్తకాన్ని నిదానంగా, నెలల మీద చదివింది. అయిపోయాక ట్రంకుపెట్టెలో బట్టల కింద దాచింది. ఆ రచయిత సికింద్రాబాద్ పురపాలక కార్యాలయంలో ఏళ్లతరబడి ఉద్యోగం చేసిన మనిషని, మేం తిరిగే బజార్లలోనే తిరిగాడని నాకు అప్పట్లో తెలియదు. కాఫ్కా ప్రాగ్ నగరంలో బీమా ఆఫీసులో పనిచేశాడని మాత్రం తెలుసు. అది వెనక అట్ట మీద ఉంది.

నేను రిటైరయ్యాక, 2022 మొదట్లో, అమ్మకి కంటి శుక్లం ఆపరేషన్ అయింది. చుక్కల మందు వేసుకోవాలి, కొన్నాళ్లు చదవకూడదు అన్నారు. టీవీ ఆమెకి ఇష్టం లేదు. రెండోరోజే ట్రంకుపెట్టె తెరిపించి ఆ పుస్తకం తీయించి, “నువ్వు చదువు, నేను వింట” అంది. అట్లా ‘చిల్లర దేవుళ్లు’ నేను మొదటిసారి చదివింది పైకి, గొంతెత్తి, ఎనభై దాటిన మా అమ్మ ముందు.

చదవలేకపోయాను. కథనం బాగానే సాగేది. అది వాచకాల తెలుగే. మనుషులు మాట్లాడుకోవడం మొదలుపెట్టగానే నాలుక తడబడేది. చిన్నప్పుడు నిద్రలో కూడా మాట్లాడిన భాష, అచ్చులో కనబడేసరికి నా నోట్లో వేషం వేసుకున్నట్టు పలికేది. అమ్మ కళ్లకి నల్లద్దాలు పెట్టుకుని కూర్చుని దిద్దేది. “అట్ల కాదురా, సాగదియ్యకు. ఆమె కోపంల ఉన్నది, కోపంల ఉన్నోళ్లు సాగదీస్తరా?” నా పెన్షన్ పుస్తకం మీద నా హోదా ఏమని ఉందో చెబితే మీరు నవ్వుతారు గాని, ఆ హోదా గల మనిషిని మా అమ్మ ఒకటో తరగతిలో కూర్చోబెట్టింది. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి వినేది. పండితుడి కూతురు, తప్పులు పట్టడానికి ఆవిడ కూడా వెనకాడలేదు.

కథ చాలామందికి తెలిసిందే. నైజాం కాలపు తెలంగాణ పల్లె. గడీలో దొర. గడీ పక్కన కరణం. ఆంధ్ర నుంచి పాణి అనే పాటగాడు బతుకుతెరువు కోసం ఆ ఊరికొస్తాడు. బయటివాడు గనక ఊళ్లోవాళ్లకి అలవాటైపోయిన సంగతులన్నీ అతని కంటపడతాయి. వెట్టి, దెబ్బలు, మనుషుల్ని ఇనాములా పంచడం. దొరబిడ్డతోపాటు అత్తారింటికి వెళ్లే ఆడబాపల సంగతి ఈ నవలలో చదివి దిగ్భ్రమ చెందామని చాలామంది చెబుతారు. మా అమ్మ చెందలేదు. వనజ అనే పాత్ర రాగానే ఆమె తన చిన్ననాటి ఊళ్లో గడీలో ఉన్న ఒకావిడ పేరు చెప్పింది. ఆమె ఏ పాట పాడేదో, జడలో ఏ పువ్వు పెట్టేదో చెప్పింది. అమ్మ పుట్టింది 1930ల చివర. పోలీస్ యాక్షన్ నాటికి పదేళ్ల పిల్ల. మనం చరిత్ర అనేది ఆమెకి ఎదురింటివాళ్ల సంగతి.

నాకు ఆ నవల తగిలింది దొర దగ్గర కాదు. దొరని తిట్టడం సులువు. గడీ లేదు, జాగీర్లు 1949లోనే పోయాయి, దొర పాత్రని ఎంత తిట్టుకున్నా నాకు పోయేదేం లేదు. నాకు గుండెలో కలుక్కుమన్నది కరణం దగ్గర.

మా తాత పట్వారీ, అంటే కరణమే. ‘గ్రామాధికారి’ అని ఇంట్లో చెప్పుకునేవాళ్లం. బయట అడిగితే ‘రెవెన్యూలో చేసేవారు’ అనేవాణ్ణి. పట్వారీ అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకి చెప్పాలి. ఊళ్లో ఏ చెలక ఎవరిది, ఎవరు దున్నుతున్నారు, ఏం పండింది, శిస్తు ఎంత అన్నది ఏటేటా పహాణీలో ఎక్కించేవాడు. ఆ పుస్తకాలు ఆఫీసులో ఉండేవి కావు, అతని ఇంట్లోనే, అతని పెట్టెలోనే ఉండేవి. తండ్రి తర్వాత కొడుక్కి వచ్చే కొలువు. చదువురాని రైతు తన పేరు కబ్జా గడిలో ఉందో లేదో పట్వారీ నోటి నుంచే వినాలి. ఆ గడిలో పేరు మారితే భూమి మారినట్టే. దొర కర్ర ఎత్తితే వందమంది చూస్తారు. పట్వారీ కలం ఎత్తితే ఎవరికీ కనబడదు. 1980ల్లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఈ వంశపారంపర్య కొలువుల్ని రద్దు చేసినప్పుడు మా నాన్న రెండు రోజులు అన్నం తినలేదు. అప్పుడు నాకు నాన్న మీద జాలి వేసింది. ఆయనకి జాలి దేని మీదో అడగాలని తోచలేదు.

రంగాచార్య ఆ నవలకి పెట్టిన పేరు చూడండి. దొర ఒక్కడే దేవుడైతే ‘చిల్లర’ అనక్కర్లేదు. ఆ ఊళ్లో దేవుళ్లు చాలామంది. ఒక్కొక్కరికీ మొక్కు చెల్లించాలి. కరణం అందులో ఒకడు. చదువుతూ చదువుతూ ఒక చోట ఆగి నీళ్లు తాగాను. అమ్మ అద్దాల వెనక నుంచే కనిపెట్టింది.

“మీ తాత గుర్తొచ్చిండా?”

“తాత ఇట్లాంటివాడు కాదు గదమ్మా. ఎవర్నీ పల్లెత్తు మాట అనేవాడు కాదు.”

“అనడు. నోరు మంచిదే. కలమే చెడ్డది.”

ఆ తర్వాత ఆమె, కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన కొత్తలో చూసిన ఒక సంగతి చెప్పింది. దాన్ని ఇక్కడ రాయను. ఆ కుటుంబం ఇప్పటికీ ఆ ఊళ్లో ఉంది. ఒకటి మాత్రం చెప్తాను: మా చదువులన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయో ఆ సాయంత్రం నాకు సర్వే నంబరుతో సహా తెలిసింది.

ఇక నా లెక్క. సర్వీసు మొత్తంలో నేను ఒక్క దొంగ బిల్లు కూడా రాయలేదు. ఇది గొప్పగా చెప్పుకునేవాణ్ణి. రాసేవాళ్ల పక్క కుర్చీలో కూర్చుని టీ తాగాను, వాళ్ల పిల్లల పెళ్లిళ్లకి వెళ్లి అక్షింతలు వేశాను, ఏ ఫైలు ఎందుకు బరువుగా ఉందో తెలిసి ఎడమచేత్తో పక్క టేబులు మీదికి జరిపాను. అదే నా నిజాయితీ. ‘చిల్లర దేవుళ్లు’ చదవనంతకాలం నన్ను నేను పాణిననుకున్నాను. బయటినుంచి వచ్చి, అన్నీ చూసి, బాధపడే సున్నిత మనస్కుణ్ణి అనుకున్నాను. నవలలు చదివే ప్రతివాడూ తనని నాయకుడి పక్కనే నిలబెట్టుకుంటాడు. ఆ పాత్రల్లో నేను ఎవరినో మా అమ్మ రెండు ముక్కల్లో తేల్చేసింది.

పుస్తకం సగంలో ఉండగానే, మార్చి 23 తెల్లవారుజామున, మా బోయిగూడలో ఒక తుక్కు గోదాము తగలబడింది. పైన నిద్రపోతున్న 11 మంది చనిపోయారు. అందరూ బీహార్ నుంచి వచ్చిన కూలీలు. ఒక్కడు దూకి బతికాడు. పేపర్లలో, టీవీల్లో అందరూ చూసిందే. మా ఇంటికి వినబడేంత దూరం అది. ఫైరింజన్ల మోతకి లేచాం. తెల్లారాక వీధి నిండా మనుషులు, కెమెరాలు, పరామర్శకి వచ్చిన పెద్దల కార్లు.

అమ్మ అడిగింది, “పైన మనుషులు పంటరని నీకు తెల్వదా?”

తెలియదన్నాను. అది కూడా పెళ్లిచూపుల నాటి జవాబులాంటిదే. మా వైపు గోదాముల పైన తువ్వాళ్లు ఆరేసి ఉండటం నేను రోజూ పాలకి వెళ్తూ చూసేవాణ్ణి. రాత్రి పూట రొట్టెలు కాలుస్తున్న వాసన వచ్చేది. భోజ్‌పురి పాటలు వినిపించేవి. రాగి తుక్కు కిలో ఎంతకి పోతోందో నాకు తెలుసు, పాత పేపర్లకీ అట్టపెట్టెలకీ ధర తేడా తెలుసు. ఆ తువ్వాళ్ల వెనక ఎంతమంది ఉన్నారన్నది మాత్రం నేను ఏ గడిలోనూ ఎక్కించలేదు. ఆ అగ్గికి నేను కారణమని కాదు, అంత పెద్ద మాట నాకు చెల్లదు. కానీ ఆ వారం తర్వాత మళ్లీ పుస్తకం తెరిచినప్పుడు, పాణి మొదటిసారి ఊరు చూసే పుటలు నేను వెనక్కి తిప్పి ఇంకోసారి చదివాను. అతను బయటినుంచి రావడం వల్ల చూడగలిగాడని చెప్పాను కదా. నేను ఇక్కడే పుట్టి కళ్లు పోగొట్టుకున్నవాణ్ణి.

మంచి నవల ఎందుకు నచ్చుతుందో పెద్దవాళ్లు రకరకాలుగా చెప్పారు. శిల్పం అంటారు, మనస్తత్వ చిత్రణ అంటారు. శిల్పం మాటకొస్తే ‘చిల్లర దేవుళ్లు’లో లోపాలు లేకపోలేదు. పాణి అప్పుడప్పుడు మరీ మంచివాడైపోతాడు. అనుకోకుండా జరగాల్సినవి కొన్ని రచయిత అనుకున్నట్టుగా జరుగుతాయి. ‘చివరకు మిగిలేది’ దానికంటే నేర్పుగా అల్లిన నవల, నేనిప్పుడు దాన్ని మళ్లీ చదివాను, ఈసారి దయానిధి అర్థమయ్యాడు కూడా. అయినా నన్ను ఒకటే ఎంచమంటే రంగాచార్యనే ఎంచుతాను. బుచ్చిబాబు నవల చదివితే నేను లోతైనవాణ్ణనిపిస్తుంది. ఈ నవల చదివితే నేను పట్టుబడినట్టుంటుంది.

ఒక పుస్తకం పట్టుకుంటే దాని తాతముత్తాతలు వెంటపడి వస్తారు. రంగాచార్య వెనక వట్టికోట ఆళ్వారుస్వామి ఉన్నాడు. హోటల్లో పనిచేసి, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్ది, 1938లో మా సికింద్రాబాద్‌లోనే దేశోద్ధారక గ్రంథమాల పెట్టిన మనిషి. ఆ ఏడే కన్నుమూసిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బిరుదే దానికి పేరు. ముప్పైకి పైగా పుస్తకాలు అచ్చేసి, వాటిని మోసుకుంటూ వీధులెంట తిరిగి అమ్మాడు. నిజామాబాద్ జైల్లో రంగాచార్య అన్న కృష్ణమాచార్యకి సహఖైదీ. కృష్ణమాచార్య తన ‘అగ్నిధార’ని అంకితమిచ్చింది ఆయనకే. తెలంగాణ బతుకుని నవలల వరసగా రాయాలని తలపెట్టి ‘ప్రజల మనిషి’ పూర్తిచేశాడు, ‘గంగు’ మధ్యలో ఉండగా 1961లో పోయాడు. మిగిలిన పని రంగాచార్య ఎత్తుకున్నాడు. ‘చిల్లర దేవుళ్లు’, ఆ తర్వాత సాయుధ పోరాటం నాటి ‘మోదుగుపూలు’, ఆ తర్వాతి కాలానికి ‘జనపదం’.

‘ప్రజల మనిషి’ నాకు దొరికింది ఎక్కడనుకున్నారు? పద్మారావ్ నగర్ గోడలో. మామయ్యగారు పోయాక ఆ పుస్తకాలు సర్దుతుంటే బయటపడింది. పక్కనే ‘చిల్లర దేవుళ్లు’, దాని అంచుల్లో ఆయన పెన్సిల్ గీతలు, కొన్ని తెలంగాణ మాటలకి ఎదురుగా ఆయన రాసుకున్న అర్థాలు, రెండు మూడు చోట్ల ప్రశ్నార్థకాలు. ఆ ప్రశ్నలకి జవాబు చెప్పగల మనిషి ఆనాడు ఆయన ముందుగదిలోనే కుర్చీలో కూర్చుని ఉంది. నేను నోరు మూయించాను. ఆయనే ఒకసారి నాతో అన్నారు, “మీ ఊరి నవల వదిలేసి మా ఊరి నవల పట్టుకుని వేలాడతావేం బాబూ?” అని. వేళాకోళమనుకున్నాను.

అమ్మకి కన్ను బాగైంది. అయినా పుస్తకం నా చేతే చదివించుకుంది, తనకి నేను దగ్గర కూర్చోవడం అలవాటైందో, నా ఉచ్చారణ ఇంకా కుదరలేదని పట్టుదలో తెలియదు. ‘చిల్లర దేవుళ్లు’ అయిపోయిన రోజున అత్తాకోడళ్లకి పాణి మీద తగువు పడింది.

“పాటలు పాడుకుంట వచ్చి మందింట్ల ముద్ద తిన్నోడు, వాడేం మొగోడు?” అంది అమ్మ.

“అదేంటత్తయ్యా, ఊళ్లో వాళ్లెవరికీ రాని కోపం అతనికేగా వచ్చింది!” అంది మా ఆవిడ.

“మీ దిక్కోడని వెనకేసుకొస్తున్నవ్.”

“మీ దిక్కు రచయితేగా రాసింది, మరి ఆయనెందుకు వెనకేసుకొచ్చాడు?”

అమ్మ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి నా వైపు తిరిగింది. మా ఆవిడ కూడా తిరిగింది. చదివినోడివి నువ్వు చెప్పు అన్నారు.

నేను పుస్తకం మూసి, కాస్త ఆలోచించినట్టు మొహం పెట్టి, ఇద్దరు చెప్పిందాంట్లోనూ నిజం ఉందన్నాను.

“పట్వారీ మాట” అంది అమ్మ.